బదిలీ అయిన చెట్టుకు జాయినింగ్ టైం

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీదనే ఉన్నారు. విశ్రాంత జీవితంలో వ్యాపకం అనే విషయం మీద పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నా వ్యాపకం తమలో కొందరికి తెలిసినదే. కుండీలలో పొట్టి చెట్లు పెంచుతుంటాను. బోన్సాయ్ అంటారు, వామన వృక్షాలని మనవాళ్లు పేరు పెట్టారు. ఒకసారి మా ఇంటికి వచ్చిన పాత మిత్రుడొకరు వాటిని చూసి, "సర్వీసంతా మనుషుల ఇంక్రిమెంట్లు ఆపావు, ఇప్పుడు చెట్లవి కూడా ఆపుతున్నావా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. అందులో కొంత నిజం కూడా ఉన్నది. అది ముందుముందు మనవి చేస్తాను.

నాకు 74 ఏళ్లు. 2009లో రిటైర్ అయినాను. మాది అమ్రాబాద్. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఈరోజు ఒకే ఒక్క చెట్టు సంగతి చెబుతాను. అది కాగితం పూల చెట్టు. ఇంగ్లీషులో బోగన్‌విల్లా. బ్రెజిల్ దేశంలో 1767లో కొమర్సన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని చూసి, తమ ఓడల నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడట. ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి అమ్రాబాద్! అయినా మన తెలంగాణలో కాగితం పూల చెట్టు లేని ప్రభుత్వ కార్యాలయం నేనైతే చూడలేదు. నీళ్లు అడగదు, ముండ్లు ఉంటాయి గనుక పిల్లలు ఎక్కరు. సర్కారు ఆఫీసుకు ఇంతకంటె అనువైన చెట్టు ఏముంటుంది?

నేను పనిచేసిన ఒకానొక ఆఫీసులో, పేరు చెప్పను, 1986లో మా అటెండరు మహబూబ్‌నగర్ నుంచి ఒక కొమ్మ తెచ్చి గేటు పక్కన నాటాడు. సాయంత్రం ఆఫీసు మూసే ముందు మంచినీళ్ల కుండలో మిగిలిన నీళ్లు దానికి పోసేవాడు. పదేళ్లు గడిచేసరికి అది గేటు మీదికి పందిరిలాగా కమ్ముకున్నది. ఆఫీసు పనిమీద వచ్చిన రైతులు దాని నీడన కూర్చునేవారు.

1999లో ఆ అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఫ్యామిలీ పెన్షన్ కోసం అతని భార్య దరఖాస్తు పెట్టుకున్నది. ఆ సీటు నాది. సర్వీసు రిజిస్టరులో ఆమెకు ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకొక పేరు. పుట్టింటి పేరొకటి, అత్తవారు పిలిచిన పేరొకటి. మన వైపు ఇది కొత్తేమీ కాదు. నేను కొర్రీ రాశాను. జవాబు వచ్చింది, దాని మీద మరొక కొర్రీ రాశాను. నిబంధన ప్రకారమే రాశాను గాని, నేనే లేచి వెళ్లి పై అధికారికి రెండు మాటలు చెప్పి ఉంటే వారం రోజుల పని. 14 నెలలు పట్టింది. ఆ 14 నెలల్లో ఆమె ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా ఆ కాగితం పూల చెట్టు కింద కూర్చునేది. నా కిటికీలోంచి కనబడేది. తలవంచుకొని రాసుకుంటూ ఉండేవాణ్ణి.

ఇక చెట్టు విషయానికి వస్తాను.

2017 ఫిబ్రవరిలో ఆ ఆఫీసు ప్రహరీ పడగొట్టి కొత్త గేటు పెట్టే పని మొదలైంది. నేను ఏదో కాగితం కోసం అటు వెళ్లాను. చెట్టు జె.సి.బి.తో పెరికివేయబడి రోడ్డు పక్కన పడి ఉన్నది. పెరికి రెండు రోజులైందని పక్కన చాయ్ బండి వాడు చెప్పాడు. మొదలు నా తొడంత లావు. వేళ్లు నరికినట్లుగా కాకుండా పీకి చింపినట్లుగా ఉన్నాయి. ఆకు వాడిపోయింది. గోటితో బెరడు గీకి చూశాను. లోపల పచ్చగానే ఉన్నది. ట్రాలీ ఆటో పిలిచాను. ఆటో అబ్బాయి "పొయ్యిలోకా తాతా?" అని అడిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. బోన్సాయ్ మీద మోజుతో అడవిలో ముదురు చెట్లు తవ్వి తెచ్చేవారు ఉన్నారు. మాకు ఊరు దాటితే నల్లమల అడవే, పులుల అభయారణ్యం. మన్ననూరు చెక్‌పోస్టు దాటి లోపలికి పోయి మొక్క పెరకడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచితే, అలా రాళ్ల సందులోంచి పెరికి తెచ్చినవి ఎక్కువగా చస్తాయి. ఎవరో పారేసినది, ఇల్లు కూలగొడితే మిగిలినది, గోడలో మొలిచి తీసివేయవలసి వచ్చినది, అటువంటివే తెచ్చుకోవాలి.

బోన్సాయ్ అనగానే పుస్తకాలలో పైన్ చెట్టు బొమ్మే ఉంటుంది. చైనాలో పుట్టి జపానులో పెరిగిన విద్య ఇది. జపానులో యమాకి అనే కుటుంబం వారు పెంచిన తెల్ల పైన్ ఒకటి 1625 నుంచి కుండీలో ఉన్నది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అది సుమారు 3 కిలోమీటర్ల దూరంలో గోడ చాటున ఉండి బతికింది. 1976లో యమాకి గారు దానిని అమెరికాకు, అంటే బాంబు వేసిన దేశానికే, కానుకగా ఇచ్చారు. ఆ చెట్టు హిరోషిమాలో బతికి బయటపడినదన్న సంగతి 2001లో ఆయన మనుమలు వాషింగ్టన్ వెళ్లి చెప్పేదాకా అక్కడివారికి తెలియదట. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పైన్ మన ఎండలకు ఆగదు. దాని పద్ధతి కూడా వేరు. పెరికిన పైన్‌కు వేరు చుట్టూ పాత మన్ను కొంత ఉంచాలి. ఆ వేళ్లను అంటిపెట్టుకుని ఒకరకమైన బూజు ఉంటుంది. అది నీటినీ, పోషకాలనూ వేరుకు అందిస్తుంది. పచ్చని సూది ఆకు ఒక్కటీ లేకుండా మోడు చేస్తే మళ్లీ చిగురించదు. మన కాగితం పూల చెట్టు, మర్రి, జువ్వి అలా కాదు. మోడుగా నరికినా చిగురు వేస్తాయి. అదే వాటి గొప్ప, అదే మనల్ని మోసం చేసేది కూడా.

నేను చేసిన పని ఇది. చెట్టు ఇంటికి రాగానే మొదలు చుట్టూ తడి గోనెసంచి చుట్టాను. మరునాడు పొద్దున రంపంతో రెండడుగుల ఎత్తున మోడు కోశాను. చినిగిన వేళ్లను పదునైన కత్తితో నున్నగా కోశాను, ఎందుకంటే చినిగిన చోట కుళ్లుతుంది, నున్నగా కోసిన చోట కొత్త వేరు పుడుతుంది. పైన కోసిన గాయాలకు బోర్డో ముద్ద, అంటే మైలుతుత్తం, సున్నం కలిపినది పూశాను. పగిలిన సిమెంటు తొట్టి ఒకటి ఉంటే అడుగున కన్నాలు చేసి అందులో పెట్టాను. మన్ను అనేది చాలావరకు మన్ను కాదు. జల్లెడ పట్టిన మొరం, ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొద్దిగా బాగా మాగిన ఆకు ఎరువు. పొడిలాంటి మెత్తని మన్ను వేయకూడదు. వేరు లేని చెట్టు నీళ్లు తాగదు. తాగని నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. పశువుల ఎరువు, ఆముదం పిండి, డి.ఎ.పి. ఏదీ వేయలేదు. తిండి జీర్ణం చేసుకునే శక్తి లేనివాడికి విందు పెట్టినట్లవుతుంది.

మరొక ముఖ్యమైన సంగతి, మోడును తాళ్లతో తొట్టికి గట్టిగా కట్టివేశాను. కొత్త వేరు వెంట్రుక కంటె సన్నం. మోడు గాలికి కొంచెం ఊగినా అది తెగుతుంది. పుస్తకాలలో ఈ సంగతి ఒక వాక్యంలో రాసి వదిలేస్తారు గాని, చాలామంది చెట్లు చచ్చేది ఇక్కడే. తర్వాత దానిని పెరట్లో కానుగ చెట్టు కింద నీడన పెట్టాను.

మూడు వారాలకు మోడు మీద ఎర్రని మొటికలు లేచాయి. ఏప్రిల్ నాటికి జానెడు రెమ్మలు వచ్చాయి. మా ఇంటావిడ పసుపు కుంకుమ పెట్టింది. నేను వాడ వాడంతా పిలిచి చూపించాను. అంత సంబరం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు.

సంబరంలో తప్పు చేశాను. చెట్టు లేచింది కదా అని మే నెల మొదట్లో నీడలోంచి తీసి ఎండలో పెట్టాను. పొడుగు రెమ్మలు కత్తిరించి, ఎలక్ట్రీషియన్ దగ్గర తెచ్చిన రాగి తీగ చుట్టి వంపులు తిప్పాను. వారం తిరగలేదు. ఒక ఉదయం చూస్తే ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్లు వాలిపోయి ఉన్నాయి. నీళ్లు పోశాను, ఇంకా వాలాయి. భయపడి తొట్టి పక్కన వేలితో మెల్లగా తవ్వి చూశాను. వేళ్లు లేవు. కోసిన చోట్ల తెల్లని పొక్కుల్లాంటి బుడిపెలు మాత్రం ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. ఆ ఆకులు వేరు తెచ్చిపెట్టినవి కావు. లావు మోడులో ముందే దాచుకున్న ఆహారం ఉంటుంది. చెట్టు దానిని ఖర్చుపెట్టి ఆకులు వేసింది. మన భాషలో చెప్పాలంటే అది జీతం కాదు, జి.పి.ఎఫ్. నుంచి తీసిన పార్ట్ ఫైనల్. దానితో ఇల్లు కట్టుకుంటున్నాడు, సుఖంగా ఉన్నాడని మనం అనుకుంటాం. జీతం ఇంకా మొదలు కాలేదు. ఆ ఆకులు ఎండలో ఆహారం వండి కిందికి పంపితేనే వేరు పుడుతుంది. నేను ఆ ఆకులనే కత్తిరించాను. ఉన్న కొంచెం తడినీ ఎండకు ఒప్పజెప్పాను.

తొట్టిని మళ్లీ కానుగ కిందికి చేర్చాను. రాగి తీగలు విప్పేశాను. మోడుకు గోనె చుట్టి పొద్దున, సాయంత్రం దాని మీద నీళ్లు చిలకరించడం తప్ప మరేమీ చేయలేదు. తొట్టిలో అగరుబత్తి పుల్ల గుచ్చి ఉంచి, పుల్ల పొడిగా వస్తేనే నీళ్లు పోశాను. జూన్ గడిచింది. కుడివైపు బెరడు నల్లబడి గోరు తగిలితే ఊడింది. మా ఇంటావిడ, "మీ ఆఫీసు ఫైలులాగే ఉన్నదండీ, కదలదు, పారేయనీయరు" అన్నది. ఆమె హాస్యానికే అన్నది గాని, నాకు కిటికీలోంచి కనబడే ఆ మనిషి గుర్తుకు వచ్చింది.

జూలైలో ముసురు పట్టిన రోజుల్లో, మొదలు ఎడమవైపున, మన్నుకు నాలుగు వేళ్ల ఎత్తులో ఒక్క మొటిక కనబడింది. ఈసారి ఎవరినీ పిలవలేదు. ముట్టుకోలేదు.

ఆ సంవత్సరం డిసెంబరులోనే మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పెద్ద కొమ్మ విరిగిపడింది. తమకందరికీ తెలుసు, ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం, సుమారు మూడెకరాలు పరుచుకున్నది. చెదలు తొలిచివేశాయి. 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సెలైన్ సీసాలు కట్టి, చెదల మందు పలుచన చేసి చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆసరాలు కట్టారు. పేపర్లలో ఆ సీసాల ఫోటోలే వేశారు. నేను చూడ్డానికి పోయి గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చాను. అప్పట్లో లోపలికి సందర్శకులను రానివ్వలేదు. నన్నడిగితే సీసాలతో పాటు ఆ గేటు మూయడం కూడా వైద్యమే. అన్నేళ్లు జనం తొక్కి తొక్కి నేల గట్టిపడితే ఏ వేరుకు ఊపిరాడుతుంది? ఊడలు పట్టుకుని ఊయల ఊగిన వాళ్లలో మనమూ ఉన్నాం.

2018 అంతా నా చెట్టును అలాగే వదిలేశాను. ఒక్క రెమ్మ కత్తిరించలేదు. పొడుగ్గా, వికారంగా పెరగనిచ్చాను. ఎంత పొడుగు పెరిగితే కింద వేరు అంత గట్టిపడుతుంది. మనకు బదిలీ అయితే ప్రభుత్వం జాయినింగ్ టైం ఇచ్చేది. సామాను సర్దుకుని, పిల్లలను బడిలో వేసి, పాలవాణ్ణి కుదుర్చుకునే వరకు కొత్త సీటులో ఎవరూ ఫైలు పెట్టేవారు కాదు. కనీసం పెట్టకూడదు. పెరికిన చెట్టుకు నా అనుభవంలో జాయినింగ్ టైం రెండేళ్లు. మొదటి ఏడు వేరు కోసం, రెండవ ఏడు బలం కోసం. ఆ రెండేళ్లలో చేయవలసిన పని నీళ్లు చూసుకోవడం ఒక్కటే. మనబోటి వాళ్లకు అది చాలా కష్టం. జీవితమంతా ఏదో ఒకటి రాసి సంతకం పెట్టిన చేతులు కదా.

వేరు నిజంగా వచ్చిందని ఎలా తెలుస్తుందని అడుగుతారు. నేను చూసే గుర్తులు రెండు. మధ్యాహ్నపు ఎండకు కొంచెం వాలినా సాయంత్రానికి ఆకులు తమంతట తామే లేచి నిలబడాలి. తొట్టి అడుగు కన్నాల్లోంచి తెల్లని వేరు కొసలు కనబడాలి. 2018 అక్టోబరులో రెండూ చూశాను. అప్పుడు మొదటిసారి చారెడు ఆముదం పిండి వేశాను.

2019 ఫిబ్రవరిలో చిన్న తొట్టిలోకి మార్చాను. కాగితం పూల చెట్టు వేరు చాలా పెళుసు గనుక మన్ను ముద్ద చెదరకుండా, ఇద్దరం పట్టుకుని మార్చాం. 2020లో కరోనా వచ్చి ఇంట్లో కూర్చున్నప్పుడు మాత్రం పని చేశాను. తీగ చుట్టడం, రెమ్మలు తుంచడం, కుడివైపు చచ్చిన కట్టెను గీకి శుభ్రం చేయడం. పైన్ చెట్టులో చచ్చిన కట్టె ఏళ్ల తరబడి తెల్లగా నిలుస్తుంది. దీనిది మెత్తని కట్టె, నిలవదు. అందుకని గీకి గుల్లగా వదిలేశాను. ఇప్పుడు అక్కడ తొర్రలాగా ఉంటుంది. చూసినవాళ్లు ఆ తొర్రే అందమంటారు. అది నేను మే నెలలో చేసిన తప్పు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ తమకు చెబుతున్నాను.

2021 మార్చిలో, నీళ్లు కొంచెం తగ్గించి ఎండగట్టిన తర్వాత, పూసింది. అడుగున్నర ఎత్తు చెట్టు, ఆకు కనబడకుండా రాణి రంగు పూలు.

ఆ నెలలోనే మా అబ్బాయిని తోడు తీసుకుని, కారు వెనుక సీటులో తొట్టి పెట్టుకుని, అటెండరు భార్య ఉండే ఊరికి వెళ్లాను. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నది. నన్ను గుర్తుపట్టింది. తొట్టి దించి ముందు పెట్టి, ఇది ఫలానా చెట్టమ్మా, మీ ఆయన పెట్టినదే, పెరికేస్తే నేను తెచ్చి బతికించాను అని చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత, "గింత చిన్నగ ఎందుకు చేసిండ్రు సారూ? గోడ దాటి పోయిన చెట్టు గద" అన్నది.

నేను సమాధానం చెప్పలేకపోయాను. జపాను సంగతులన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. దానికి బదులు ఇన్నేళ్లుగా అనుకుంటున్నది అనేశాను. "అమ్మా, అప్పట్లో మీ కాగితాల మీద కొర్రీలు పెట్టింది నేనే" అన్నాను.

"ఎర్కనే సారూ," అన్నది. "కిటికీలకెల్లి కనబడుతనే ఉంటిరి గద."

మా అబ్బాయి నా వైపు చూడలేదు. ఆమె కోడలిని పిలిచి చాయ్ పెట్టమన్నది. చాయ్ తాగిన తర్వాత, తొట్టిని ఆమెకే ఇచ్చి వెళ్దామని వచ్చానని చెప్పాను. ఆమె వద్దన్నది. దినాం నీళ్లు ఎవరు చూస్తారు, నువ్వే ఉంచుకో అని చెప్పి, లోపలికి పోయి కత్తిపీట తెచ్చింది. నేను నాలుగేళ్లు కాపాడిన చెట్టులో, నేను తీగ చుట్టి వంపు తిప్పిన కొమ్మనే చూసి, జానెడు కోసింది. నా గుండె గుభేలుమన్నది. ఆ కొమ్మ లేకపోతే చెట్టు ఒకవైపు బోడిగా ఉంటుంది. ఉన్నది కూడా. తమరు మా ఇంటికి వస్తే చూడవచ్చు.

ఆ ముక్కను ఆమె వాకిలి పక్కన మన్నులో గుచ్చి, చెంబెడు నీళ్లు పోసింది. మొరం లేదు, ఇటుక ముక్కలు లేవు, బోర్డో ముద్ద లేదు. బతికింది. పోయిన సంక్రాంతికి మా అబ్బాయి అటు పోయి చూసి వచ్చాడు. ఇంటి కప్పు ఎక్కిందట, ముండ్లు గీసుకుంటున్నాయని మనుమలు గొడవ చేస్తున్నారట. ఆమె కొట్టనీయడం లేదట.